రాత్రి చేసిన పని పగలు దొరుకుతుంది

చీటీల మీద రాముడు, సీత అని పేర్లు రాసి ఆడే ఆటలో రాముడి చీటీ వచ్చినవాళ్లు చుట్టూ ఉన్న ముఖాలు చూసి సీత ఎవరో చెప్పాలి. అక్కడ ఊహ తప్ప వేరే ఆధారం లేదు. 1980ల్లో మాస్కో స్టేట్ యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో దిమిత్రి దవీదోవ్ రూపొందించిన మాఫియా ఆట కూడా పైకి అలాగే కనిపిస్తుంది. పాత్రలు రహస్యంగా పంచుతారు. రాత్రి అందరూ కళ్లు మూసుకున్నాక మాఫియా ఒకరిని చంపుతుంది, డాక్టరు ఒకరిని కాపాడతాడు, డిటెక్టివ్ ఒకరి గుట్టు తెలుసుకుంటాడు. తెల్లారాక అందరూ వాదించుకుని, ఓట్లేసి ఒకరిని ఆటలోంచి పంపేస్తారు. చాలామంది దీన్ని కూడా ముఖాలు చదివే ఆటగానే ఆడి ఓడిపోతుంటారు. నిజానికి దొంగను పట్టించేవి రాత్రి ఫలితాలు, అన్న మాటలు, వేసిన ఓట్లు.

ముఖాన్ని నమ్ముకుంటే ఎంత దక్కుతుందో పరిశోధకులు లెక్క తేల్చారు. అంతవరకూ జరిగిన ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో 2006లో ప్రకటించిన ఫలితం ప్రకారం, మనుషులు నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా వేరుచేయగలిగింది సగటున 54 శాతం సందర్భాల్లోనే. కళ్లు మూసుకుని చెప్పినా 50 వస్తుంది. మాట తడబడిందనో, చూపు తిప్పుకున్నాడనో ఒకరిని బయటికి పంపితే చాలాసార్లు బలయ్యేది బిడియస్తుడైన అమాయకుడే.

ఏడుగురు ఆడుతున్నారనుకుందాం. ఇద్దరు మాఫియా, ఒక డాక్టరు, ఒక డిటెక్టివ్, ముగ్గురు మామూలు పౌరులు. మాఫియా ప్రతి రాత్రీ ఎవరో ఒకరిని ఎంచుకుని తీరాలన్నది నియమం. మొదటి రాత్రి ఎవరూ చావలేదు. అంటే డాక్టరు కాపాడిన మనిషి మీదే దాడి జరిగింది. మాఫియా తన మనిషిని తాను చంపుకోదు కాబట్టి, ఆ మనిషి నిర్దోషి అని డాక్టరుకు రూఢిగా తెలిసిపోయింది. పగలు ఇద్దరు లేచి ‘నేనే డిటెక్టివ్‌ని’ అన్నారు. ఉన్నది ఒక్కడే కనుక ఒకరు అబద్ధమాడుతున్నట్టే. పౌరుడు అలా బొంకితే నష్టం తన పక్షానికే, కాబట్టి బొంకేది దాదాపు ఎప్పుడూ మాఫియానే. ఏడుగురిలో ఇద్దరి కోసం సాగిన వెతుకులాట ఇప్పుడు ఇద్దరిలో ఒకరి దగ్గరికి వచ్చింది. పొరపాటున అసలు డిటెక్టివ్‌నే పంపేసినా, వెళ్లేటప్పుడు పాత్ర బయటపెట్టే పద్ధతి ఉంటే రెండోవాడి గుట్టు రట్టయినట్టే.

మాఫియా కూడా ఈ లెక్కలన్నీ తెలిసే ఆడుతుంది కదా, నమ్మకం కోసం సొంత మనిషికే వ్యతిరేకంగా ఓటేస్తుంది కదా అని అడగవచ్చు. వేస్తుంది. అయితే ఇద్దరిలో ఒకరిని వదులుకుంటే సగం బలం పోతుంది. ముఖం మార్చుకోవడానికి ఖర్చులేదు, ఓటు మార్చడానికి ఉంది. అందుకే ఓటుకు సాక్ష్యంగా విలువ ఎక్కువ. తోటివాడి ఓటమి ఖాయమైపోయాక చివర్లో చేయి ఎత్తినవాడినీ, ఫలితం తేలకముందే ఎత్తినవాడినీ ఒకే గాటన కట్టకూడదు. బాగా ఎరిగినవాళ్ల ముఖం చూస్తే తెలిసిపోతుందనేవారి మాటలోనూ కొంత నిజముంది. కానీ అక్కడ పనికొచ్చేది ఆ మనిషి రోజూ ఎలా మాట్లాడతాడన్న ఎరుక. అదీ గతం నుంచి తెచ్చుకున్న సాక్ష్యమే.

ఈ వాదనకు గణితం కూడా తోడొస్తుంది. బ్రేవర్మన్, ఎతెసామి, మోసెల్ అనే శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పత్రంలో డిటెక్టివే లేని ఆటను పరిశీలించారు. అక్కడ ఇరుపక్షాలూ సరితూగాలంటే మాఫియా ఆటగాళ్ల సంఖ్యకు వర్గమూలం స్థాయిలో ఉంటే చాలు. పదివేలమందిలో వంద ప్రాంతం అన్నమాట. డిటెక్టివ్‌లు వచ్చారంటే మాత్రం మొత్తంలో ఒక స్థిరమైన వాటాగా మాఫియా పెరిగితేనే పోటీ నిలుస్తుంది. నిజమని రుజువు చేసుకోగల సమాచారం కాస్త దొరికినా ఏమీ తెలియని పెద్ద గుంపు బలం అంతగా పెరుగుతుంది. కాబట్టి ఒకరి మీద వేలెత్తేవాళ్లు ఏ రాత్రి, ఏ మాట, ఏ ఓటు చూసి అనుమానిస్తున్నారో పైకి చెప్పి తీరాలి. కారణం చెప్పలేని అనుమానానికి ఓటు వేయకపోవడమే అమాయకుల పక్షానికి మేలు.