పాఠం గడగడా చదివేస్తున్నారు సరే... పిల్లలకు అర్థమవుతోందా? ఇంట్లోనే ఇలా తెలుసుకోండి

ఆరో తరగతి పాప సాంఘిక శాస్త్రం పాఠంలో ఒక పేజీని ఎక్కడా తడుముకోకుండా చదివేసింది. పుస్తకం మూసి 'ఇందులో ఏం చెప్పారమ్మా?' అని అడిగితే మాత్రం నోరు విప్పలేదు. మళ్లీ పుస్తకం తెరిచి మొదటి లైను చదవబోయింది.

ఇలాంటిది మీ ఇంట్లోనూ జరిగి ఉండొచ్చు. పాప బద్ధకం అనో, ధ్యాస లేదనో మీరు అనుకుని ఉండొచ్చు. అసలు కారణం వేరే కావచ్చు. దాన్ని ఎలా గుర్తించాలో చూద్దాం.

చదవడం, అర్థం చేసుకోవడం ఒకటి కాదా?

కాదు. తెలుగు లిపిలో అచ్చేసిన సంస్కృత శ్లోకాన్ని మనలో చాలామంది తప్పుల్లేకుండా చదవగలరు. అర్థం చెప్పమంటే ఆగిపోతాం. పిల్లల విషయంలోనూ అంతే.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు దీన్ని ఒక చిన్న సూత్రంగా చెప్పారు. అక్షరాలను మాటలుగా పలకగలగడం ఒక నైపుణ్యం. ఆ భాషను విని అర్థం చేసుకోగలగడం మరొకటి. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే పఠనావగాహన. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే.

ఐదో తరగతి వరకు ఈ లోపం పెద్దగా బయటపడదు. పాఠాలు చిన్నవి, టీచర్ చదివి వివరిస్తారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పరిస్థితి మారుతుంది. సైన్స్, సోషల్ పాఠాలను సొంతంగా చదివి తెలుసుకోవాలి. లెక్కల్లో రాత సమస్యలు పెరుగుతాయి. 'లెక్కల్లో వీక్' అనుకున్న పిల్లల్లో కొందరికి అసలు ఇబ్బంది ప్రశ్న అర్థం కాకపోవడమే.

సర్వేలు ఏం చెబుతున్నాయి?

ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన 'అసర్' సర్వేలో వలంటీర్లు గ్రామాల్లో ఇళ్లకు వెళ్లి పిల్లలతో బిగ్గరగా చదివిస్తారు. అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ... ఎక్కడిదాకా చదవగలిగితే అదే ఆ పిల్లల స్థాయి. అసర్ 2024 ప్రకారం దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 67.5 శాతం. ఈ పరీక్ష ప్రధానంగా కొలిచేది చదవగలగడాన్నే. పైగా నగరాలు ఇందులో లేవు.

కేంద్ర ప్రభుత్వం 2024 డిసెంబర్ 4న నిర్వహించిన 'పరఖ్' సర్వే 3, 6, 9 తరగతుల పిల్లలను రాత ప్రశ్నలతో పరీక్షించింది. ఆరో తరగతి భాషలో జాతీయ సగటు 57 శాతం. అయితే ఇది ఎంపిక చేసిన బడుల్లో జరిగే నమూనా సర్వే. జిల్లా, రాష్ట్రం ఎక్కడున్నాయో చెబుతుంది. మీ పాప ఎక్కడుందో చెప్పదు.

మరి ప్రోగ్రెస్ కార్డు?

తెలుగులో 85 మార్కులు వచ్చాయంటే చదివింది అర్థమవుతోందనే చెప్పలేం. తెలిసిన పాఠం నుంచి తెలిసిన ప్రశ్న వస్తే కంఠస్థం చేసి రాసేయొచ్చు. రాష్ట్ర సిలబస్ తెలుగు పరీక్షలో 'అవగాహన–ప్రతిస్పందన' విభాగం ఉంటుంది. అందులో అపరిచిత గద్యం ఇస్తే, దాని కింద ప్రశ్నలకు ఎన్ని మార్కులు వచ్చాయో విడిగా చూడండి. మొత్తం మార్కుల కంటే ఆ నాలుగైదు మార్కులే ఎక్కువ సంగతి చెబుతాయి.

ఇంట్లో పది నిమిషాల పరీక్ష

పిల్లలు ఇంతకుముందు చదవని చిన్న కథో, వార్తో ఎంచుకోండి. మౌనంగా చదవమనండి. తర్వాత పుస్తకం పక్కన పెట్టించి సొంత మాటల్లో చెప్పమనండి. ఆపై మూడు రకాల ప్రశ్నలు అడగండి. ఉదాహరణకు ఈ పేరా చూడండి:

'ఆ రోజు రంగయ్య దుకాణం తెరవలేదు. మెట్ల మీద రెండు పాల ప్యాకెట్లు ఎండలో అలాగే ఉన్నాయి. పక్కింటి లక్ష్మమ్మ మూడుసార్లు వచ్చి చూసి వెళ్లింది. చివరికి ఫోన్ చేతిలోకి తీసుకుంది.'

1. పేరాలోనే ఉన్నది: మెట్ల మీద ఎన్ని ప్యాకెట్లున్నాయి?
2. ఊహించి చెప్పాల్సింది: లక్ష్మమ్మ ఎందుకు అన్నిసార్లు వచ్చింది? ఆమె మనసులో ఏముంది?
3. ఆలోచించి చెప్పాల్సింది: నువ్వైతే మూడోసారి దాకా ఆగుతావా? ఎందుకు?

లక్ష్మమ్మ కంగారు పడుతోందని పేరాలో ఎక్కడా లేదు. దాన్ని పట్టుకోవడమే అవగాహన. మొదటి ప్రశ్నకే జవాబు వచ్చి రెండో దగ్గర ఆగిపోతుంటే, పిల్లలు మాటలు చదువుతున్నారు కానీ వాటిని కలుపుకోవడం లేదని అర్థం.

మౌనంగా చదివి ఏమీ చెప్పలేకపోతే అదే పేరాను మీరు చదివి వినిపించండి. విన్నాక చెప్పగలిగితే ఇబ్బంది అక్షరాలు, పదాల దగ్గరే ఉంది. కంటి పరీక్ష కూడా చేయించండి. విన్నా చెప్పలేకపోతే పదసంపద, భాష మీద పనిచేయాలి.

ఒక్క పేరాతో తేల్చేయొద్దు

1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ మాధ్యమిక పాఠశాల విద్యార్థులతో బేస్‌బాల్ ఆట గురించిన వ్యాసం చదివించారు. చదువులో వెనకబడ్డా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదివేవారైనా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకుని చెప్పారు. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లలకు నాగలి, కల్లం ఉన్న పేరా ఇచ్చి 'అర్థం కావట్లేదు' అనడం సరికాదు. వేర్వేరు విషయాలపై కనీసం మూడు పేరాలతో చూడండి.

ఇంగ్లిష్ మీడియం అయితే ఇంగ్లిష్ పేరా చదివించి, కథను తెలుగులో చెప్పమనండి. తెలుగులో బాగా చెబితే అర్థమైనట్టే, ఇంగ్లిష్‌లో చెప్పడమే రాలేదు. తెలుగులోనూ చెప్పలేకపోతే పాఠమే అందడం లేదు.

బడిలో ఏం అడగాలి?

కేంద్రం 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యం మూడో తరగతి ముగిసేలోగా చదవడం, లెక్కలు రావడం. అక్కడ వెనకబడి పైతరగతులకు వచ్చేసినవారి కోసం తెలంగాణ 2023లో ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 9 తరగతులకు 'ఉన్నతి' కార్యక్రమం తెచ్చింది. మీ పిల్లలు ఏ బడిలో ఉన్నా పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మూడూ అడగండి: కొత్త పేరా ఇచ్చి చూస్తున్నారా? ఊహించి చెప్పే ప్రశ్నలకు ఎలా రాస్తున్నారు? వెనకబడితే వారంలో ఎంతసేపు విడిగా చదివిస్తారు?

ఇంట్లో చేసిన పరీక్షకు మార్కులు వేయొద్దు. తేదీ, పేరా, ఎక్కడ ఆగారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రోజూ పావుగంట కలిసి చదివి, మాట్లాడుకుని, రెండు నెలల తర్వాత కొత్త పేరాతో మళ్లీ చూడండి. రెండో ప్రశ్నకు జవాబు రావడం మొదలైతే మీరు సరైన దారిలోనే ఉన్నారు.