కబడ్డీ విస్తృతి – టెలివిజన్ ప్రసారం పాత్ర: ఒక పరిశీలన

కీలకపదాలు: కబడ్డీ, చెడుగుడు, కూత, టెలివిజన్, ప్రో కబడ్డీ లీగ్

ఆదరణ తక్కువగా ఉన్న ఆట టెలివిజన్ వల్ల పెరుగుతుందా అన్న చర్చలో ‘పెరుగుదల’ అనే మాటను ముందుగా విడదీసి చూడాలి. ప్రేక్షకులు పెరగడం, రాబడి పెరగడం, ఆడేవారు పెరగడం – ఈ మూడూ ఒకటి కావు. కబడ్డీ చరిత్ర ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది.

తెలుగు పల్లెలకు చెడుగుడుగా చిరపరిచితమైన ఈ ఆట 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకపోటీగా చేరింది. 2014 ఇంచియాన్ క్రీడల వరకు పురుషుల స్వర్ణం ఒక్కసారీ భారతదేశాన్ని దాటిపోలేదు. అయినా రైల్వే, సర్వీసెస్ జట్ల పోటీలను అనుసరించే కొద్దిమందికి తప్ప ఆ విజేతల పేర్లు తెలియవు. 2014 జులై 26న ఎనిమిది జట్లతో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ స్టార్ స్పోర్ట్స్ ప్రసారాలతో ఈ స్థితిని మార్చింది. 2017కు జట్లు పన్నెండయ్యాయి. తొలి వేలంలో అత్యధికంగా రాకేశ్ కుమార్‌కు 12.80 లక్షల రూపాయలు పలకగా, 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2.605 కోట్లకు తీసుకున్నది.

ఆట స్వభావం కూడా తెరకు తగినట్లు మారింది. చెడుగుడులో కాలాన్ని కొలిచేది కూత పట్టినవాని ఊపిరి. ఇప్పుడు ప్రేక్షకుని చూపు తెరపై తగ్గుతూ వచ్చే 30 సెకన్ల మీదనే ఉంటుంది. కూత నియమంగా మిగిలినా ఉత్కంఠ గడియారానికి బదిలీ అయింది. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి, లేదా ఆటగాడు వెలుపలికి పోవాలి అన్న నిబంధన నిదానపు ఆటకు తావు లేకుండా చేసింది. వ్యాఖ్యానంలో కూత, పట్టు అనే మాటల పక్కన రైడ్, టాకిల్ చేరి వాటినే వెనక్కు నెడుతున్నాయి. ఇది భాషా పరిశోధకులు విడిగా పరిశీలించదగిన అంశం.

మహిళల కబడ్డీ విషయం వేరు. 2016లో మూడు జట్లతో టెలివిజన్‌లో ప్రసారమైన మహిళల పోటీ మరుసటి ఏడాది కొనసాగలేదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఇరాన్ మహిళలు ఫైనల్లో భారత జట్టును ఓడించి స్వర్ణం గెలిచారు. వారి శిక్షకురాలు భారతీయురాలైన శైలజా జైన్. ఆ విజయం వెనుక టెలివిజన్ లీగ్ ఏదీ లేదు. ఉన్నది క్రమబద్ధమైన శిక్షణ. అదే క్రీడల్లో సెమీఫైనల్లో భారత్‌ను ఓడించిన ఇరాన్ పురుషుల జట్టులో మాత్రం ఫజల్ అత్రాచలి వంటి ప్రో కబడ్డీ ఆటగాళ్లున్నారు. భారతీయ ప్రేక్షకుల కోసం ఏర్పడిన లీగ్ ప్రత్యర్థికీ శిక్షణశాల అయింది! ఆ విధంగా చూస్తే ఆట పెరిగినట్లే.

తెలుగు ప్రాంతాలకు సంబంధించి కూడా ఇదే భేదాన్ని పాటించాలి. తెలుగు టైటాన్స్‌కు తొలినాళ్లలో గుర్తింపు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ ఆటగాడు. జట్టు పేరులో తెలుగు ఉండటాన్ని బట్టి గాని, ఇక్కడి వీక్షకుల సంఖ్యను బట్టి గాని ఇక్కడి క్రీడాభివృద్ధిని నిర్ణయించడం సరికాదు. పాఠశాలల్లో మ్యాట్‌లు ఎన్ని, వ్యాయామ ఉపాధ్యాయులు ఎందరు, జిల్లా పోటీలకు వచ్చే బాలికల జట్లు ఎన్ని అన్నవి 2014కు ముందు, తరువాత పోల్చి చూడవలసిన లెక్కలు.