బయోమెడికల్ సైన్సెస్ చదువు – ఖర్చు లెక్క

మెడిసిన్ సీటు రాకపోతే ఇక బైపీసీ చదివి లాభమేమిటని చాలామంది తల్లిదండ్రులు దిగులుపడతారు. రోగం ఎందుకు వస్తుంది, మందు శరీరంలో ఎలా పనిచేస్తుంది అని పరిశోధించే చదువు బయోమెడికల్ సైన్సెస్. ఇది చదివినవారు రోగులకు వైద్యం చేయరాదు. ప్రయోగశాలల్లో, మందుల కంపెనీల్లో, విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తారు.

బి.ఎస్సీ. తర్వాత రెండేళ్ల ఎం.ఎస్సీ., ఆపైన పిహెచ్.డి. ఎం.ఎస్సీ. ఆఖరి ఏడాదిలోనే సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్ష రాయవచ్చు. అందులో జె.ఆర్.ఎఫ్. వస్తే, 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, సమీక్షలో నెగ్గితే తర్వాతి మూడేళ్లు రూ.42,000 ఇస్తారు. కూడితే అయిదేళ్లకు రూ.24 లక్షలు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు.

కనుక కుటుంబం మీద అసలు భారం ఎం.ఎస్సీ. రెండేళ్లదే. స్కాలర్‌షిప్ ఎక్కువగా అక్కరకు వచ్చేదీ అప్పుడే.

రెండు జాగ్రత్తలు. నెట్‌లో అధ్యాపక అర్హత మాత్రమే వస్తే ఈ సొమ్ము రాదు. జె.ఆర్.ఎఫ్. వచ్చినా పిహెచ్.డి. సీటు వేరుగా సంపాదించుకోవాలి. చేరాక మొదటి సొమ్ము చేతికందడానికి కొన్ని నెలలు పట్టవచ్చు, ఆ ఖర్చుకు ముందే సిద్ధంగా ఉండండి.

పరిశోధనకు మరీ దూరం పోనక్కరలేదు. బెంగళూరులో ఐ.ఐ.ఎస్సీ., చెన్నై తరమణిలో మద్రాసు విశ్వవిద్యాలయ ప్రాంగణం, పుణెలో ఎన్.సి.సి.ఎస్., భువనేశ్వర్‌లో ఐ.ఎల్.ఎస్., పుదుచ్చేరిలో జిప్‌మర్ ఉన్నాయి.

అమ్మాయి ఇంకా అయిదేళ్లు చదువుతానంటే వద్దనే ముందు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.