ఎఱ్ఱకణములు

వ్రేలికి సూది గ్రుచ్చుకొనినపుడు పైకి ఉబుకు నెత్తుటిబొట్టు ఎఱ్ఱని నీటివలె కనబడును. కాని ఆ ఎఱుపు నీటిది కాదు. రక్తములోని ద్రవము లేత పసుపువన్నె గలది; అందు తేలియాడు కణములే దానికి ఎఱ్ఱదనము నిచ్చుచున్నవి. హాలెండు దేశీయుడగు లీవెన్‌హుక్ 1674లో తాను స్వయముగా చేసికొన్న కటకముతో చూచి వీనిని వర్ణించెను. చిన్న ఆవగింజంత రక్తబిందువులో ఇవి సుమారు 50 లక్షలుండును.

ఎఱ్ఱకణము నడుమ చిల్లుపడని గారెవలె, ఇరువైపుల నొక్కుకొనిపోయి యుండును. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో వేయింట ఏడెనిమిది వంతులు మాత్రమే. అంతకంటె ఇరుకైన రక్తనాళికలలో సైతము అది వంగి, మడతపడి, దూరిపోగలదు. కణమునిండ హీమోగ్లోబిన్ అను పదార్థము కలదు. ఇందలి ఇనుము ఊపిరితిత్తులలో ఆమ్లజనిని పట్టుకొని, అవయవములకు చేరగనే విడిచిపెట్టును. తిరుగు ప్రయాణమున బొగ్గుపులుసు వాయువును చేరవేయుటకును ఈ కణములు తోడ్పడును.

ఈ సరకునకు చోటు చాలవలెననియో యేమో, ఎఱ్ఱకణము పక్వమగునప్పుడు తన కేంద్రకమునే విసర్జించును. ఆ త్యాగమునకు మూల్యము లేకపోలేదు. కేంద్రకము లేని కణము తన్ను తాను బాగుచేసికొనజాలదు, రెండుగా చీలి వృద్ధిపొందజాలదు. సుమారు 120 దినములకు దాని ఆయువు తీరును. అందుచే ఎముకలలోని మూలుగ క్షణమునకు ఇరువది లక్షలకు పైగా క్రొత్త కణములను తయారుచేయుచుండవలెను. ముదుసలి కణములలోని ఇనుమును శరీరము చాలవరకు మరల వాడుకొనును. కాని కొన్ని పదార్థములు ఆహారమునుండియే రావలెను. అవి కొఱవడినచో పాండురోగము కలుగును.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి చేరి, బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల పాండురోగమును పరిశీలించెను. వారి ఎఱ్ఱకణములు సంఖ్యలో తక్కువ, పరిమాణమున మాత్రము మామూలుకంటె పెద్దవి. వారు తిను పేదతిండినే కోతులకు పెట్టి చూడగా వానికిని రోగము వచ్చెను. ఈస్టునుండి చేయు మార్మైటు అను చవుకైన పదార్థము నీయగా ఆ రోగము కుదిరెను. ఆ స్త్రీలకును అదియే ఔషధమయ్యెను. 1931లో ఆమె ఈ సంగతిని ప్రకటించెను. అయినను అందు పనిచేసిన వస్తువేదియో అప్పటికి తెలియదు.

1941లో పాలకూరనుండి దానిని వేరుచేసి, ఆకు అను అర్థముగల లాటిన్ మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. మూలుగలోని కణములు విభజన చెందుటకు ఇది అవసరము. ఇది లేనిచో అవి పెరుగునే కాని సకాలమున చీలవు. కణములు పెద్దవై, కొద్దివగుటకు కారణ మిదియే.

అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున దీనిని కృత్రిమముగా తయారుచేసి 1945లో ప్రకటించిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరు లిరువురు యౌవనముననే, కొలది దినముల తేడాలో, గ్రహణిరోగమునకు బలియైరి. ఆయనయు ఆ వ్యాధితో బాధపడినవాడే. ఆ వ్యాధిలో ప్రేగులు ఆహారసారమును సరిగా గ్రహింపనేరక, పాండురోగము దాపురించును. దానిని కుదుర్చుటలో ఫోలిక్ ఆమ్లము ఉపకరించునని తరువాత తేలినది. సోదరుల విషయమున మాత్రము ఆ మందు పాతికేండ్లు ఆలస్యముగా వచ్చినది.

నేడు ప్రభుత్వ పాఠశాలలలో వారమున కొకమారు పంచు నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఈ ఆమ్లమే.