‘వేట’ అంటే ఏమిటో కంప్యూటరుకెవరు చెప్పాలి?

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే చాలు... బందరు నుంచి నాగాయలంక దాకా ఒకటే హెచ్చరిక. ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.’ ఆ మూడు ముక్కలూ అర్థంకాని మనిషి దివిసీమలో ఉండడు. మరి కంప్యూటరుకో? వేట అనగానే దానికి అడవీ తుపాకీ గుర్తొస్తే? ఆ ముక్కనే ఒడియాలోకో తమిళంలోకో మార్చమంటే?

నవ్వొచ్చే సంగతే. కానీ తెలుగును కంప్యూటరుకు నేర్పడంపై పీహెచ్‌డీలు చేస్తున్నవారికి ఇలాంటివే నిద్ర పట్టనివ్వని చిక్కులు.

కృష్ణా డెల్టాలో అలాంటి మాటలకు కొదవలేదు. పుస్తకాల్లో దివి అంటే ఆకాశం, స్వర్గం. దివిసీమలో మాత్రం దీవి. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి, ఆ పాయలూ సముద్రమూ కలిసి చుట్టుముట్టిన నేల కాబట్టి ఆ పేరు. అవనిగడ్డలో గడ్డ అంటే భూమి. డాక్టరు దగ్గర గడ్డంటే వేరు, కూరగాయల దుకాణంలో గడ్డంటే వేరు. మొగ అంటే మగ అనుకుంటారేమో... తీరంలో అది నీళ్లు సముద్రంలో కలిసేచోటు. గుడివాడ రైతు ‘దమ్ము చేశాం’ అంటే నీళ్లు పెట్టి పొలాన్ని నాట్లకు సిద్ధం చేశాడని. పాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. నదికీ అదే, జడకూ అదే, వెల్లుల్లికీ అదే!

ఇరుగుపొరుగును బట్టి...

మనకు ఏ అర్థమో ఇట్టే తెలిసిపోతుంది. కంప్యూటరు మాత్రం పక్క మాటల్ని చూసి పోల్చుకుంటుంది. వల, పడవ, రొయ్య కనిపిస్తే ఇది చేపలవేట. పులి, అడవి ఉంటే ఆ వేట. లక్షల వాక్యాలు చదివి ఏ మాట ఏ మాటల పక్కన ఎన్నిసార్లు వచ్చిందో లెక్కకట్టి, ప్రతి మాటనూ కొన్ని వందల అంకెల వరుసగా మార్చుకుంటుంది. 2013లో వచ్చిన వర్డ్‌టువెక్, 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతులతో ఈ లెక్క బాగా పదునెక్కింది.

చిత్రమేమిటంటే, లోహాలూ గాజుల మీద పనిచేసే మెటీరియల్స్ ఇంజినీర్లు కంప్యూటరులో వేసే లెక్క కూడా ఇరుగుపొరుగుదే. పెన్సిల్ ములుకులోనూ వజ్రంలోనూ ఉండేది కార్బనే. ఒక్కో పరమాణువు చుట్టూ మిగతావి ఎలా అమరాయన్నదే తేడా. అదే మెత్తదనాన్నీ ఇస్తుంది, కాఠిన్యాన్నీ ఇస్తుంది. ఒకప్పుడు గోల్కొండ రాజ్యానికి రేవుపట్నమైన బందరుకు వజ్రాల మాట కొత్తేమీ కాదులెండి!

ఒక్క అక్షరం తేడా

తెలుగుతో ఇంకో పేచీ ఉంది. ‘వెళ్లమన్నారటగా’ అని ఒక్క ఊపులో అనేస్తాం. అందులో వెళ్లడం ఉంది, చెప్పడం ఉంది, ఎవరో అనగా విన్న సంగతీ ఉంది. వీటిని విడదీస్తేగానీ కంప్యూటరుకు బోధపడదు. ‘వెళ్లండి’, ‘వెళ్లకండి’కి మధ్య తేడా ఒక్క ‘క’. తుపాను రాత్రి ఆ అక్షరం జారిపోతే? పదాల్ని ఇలా విడదీసే పని హైదరాబాదులో దశాబ్దాలుగా సాగుతోంది. 1990లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనుసారక బృందం తెలుగు వాక్యాన్ని హిందీ పాఠకుడికి అందించేందుకు కుస్తీ పట్టింది. అందుకు ఆసరా తీసుకున్నది పాణిని వ్యాకరణాన్ని. 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఆ పనిని అందిపుచ్చుకుంది.

పద్ధతులైతే వచ్చాయి. మరి సరుకు? 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. ఇంతమంది రోజూ మాట్లాడే మాటల్లో ఇంటర్నెట్‌కు ఎక్కేది గోరంత. సినిమా కబుర్లూ రాజకీయాలూ పుష్కలం. మొగ పూడిపోయిందన్న మత్స్యకారుడి గోడు ఎక్కడ దొరుకుతుంది?

ఈ కష్టం పాతతరం ముందే పడింది. రైతుల నోట పలికే మాటల్ని జిల్లా జిల్లాకూ వెళ్లి సేకరించి, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటిని తెచ్చింది. నాగలి భాగాల్నీ నారుమడినీ ఏ ఊళ్లో ఏమంటారో అడిగి రాసుకున్నారు. 1971లో చేనేత సంపుటి వచ్చింది. కంప్యూటరు మీద కూర్చున్న నేటి పరిశోధకులైనా చివరికి ఆ దారినే గట్లమీదికీ రేవులకూ రావాల్సిందే. ఇది పీహెచ్‌డీలో ఎవరూ మెచ్చుకోని భాగం, అసలైన భాగమూ అదే.

ఎందుకంటే, 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. ఆ తుపానుకు సుమారు పదివేల మంది బలయ్యారు. ఇంగ్లిషు బులెటిన్లలో దీన్ని స్టార్మ్ సర్జ్ అంటారు. మాటకు మాట పెట్టి మారిస్తే ‘తుపాను పెరుగుదల’ అవుతుంది. ఆ హెచ్చరిక వచ్చిన ఫోను చేతిలో పట్టుకుని ఎవరు పరుగెత్తుతారు? ‘ఉప్పెన వస్తోంది’ అంటే చాలు, సామాన్లు కూడా చూసుకోరు.

అయితే 2021లో అదే పేరుతో సినిమా వచ్చి పెద్ద హిట్టయింది. అప్పట్నుంచీ ఇంటర్నెట్‌లో ఉప్పెన పక్కన చేరిన మాటలేమిటో ఊహించుకోవచ్చు... హీరో, పాటలు, కలెక్షన్లు. నాగాయలంక, కోడూరు వైపు అరవై దాటినవారిని అడిగి చూడండి. ఆ మాట పక్కన వాళ్లు చెప్పేవి వేరు: చీకటి, తాటిచెట్టు, ఉప్పునీళ్లు.