మీ గుండెను గీసి చూపండి

బొర్రా గుహల్లో గైడు టార్చి వేసి ఇది శివలింగం, అది తల్లీబిడ్డ అంటాడు. అనకముందు అక్కడున్నది సున్నపురాయే. ఒకసారి విన్నాక మరి రాయిగా కనిపించదు. గుండెపోటు వచ్చిన మనిషి సంగతీ అంతే. తన గుండెను తానెన్నడూ చూడలేదు. డాక్టరు మాటా, పక్కమంచం వాడి మాటా కలిపి లోపల ఒక బొమ్మ కట్టుకుంటాడు.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఎలిజబెత్ బ్రాడ్‌బెంట్ బృందం ఆ బొమ్మను కాగితం మీదికి రప్పించింది. గుండెపోటుతో చేరిన 74 మందిని ఇప్పుడు మీ గుండె ఎలా ఉందనుకుంటున్నారో గీయమన్నారు. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. కొందరు దెబ్బతిన్న చోటు గీశారు, కొందరు మామూలు గుండె గీశారు. దెబ్బ గీసినవాళ్లు జబ్బు చాన్నాళ్లుంటుందనీ, అది తమ చేతిలో లేదనీ నమ్మారు. పనిలోకి తిరిగి వెళ్లడమూ ఆలస్యమైంది. కండరం ఎంత దెబ్బతిందో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కంటే ఈ గీతలే కోలుకునే తీరును బాగా పట్టిచ్చాయి. గీత వంకరగా ఉన్నా నష్టం లేదు, ఇది డ్రాయింగు పరీక్ష కాదు.

జబ్బుకూ బొమ్మకూ చుట్టరికం బొర్రా ఉన్న తూర్పు కనుమలకు పాతదే. ఇంట్లో జబ్బు చేస్తే సవర గిరిజనులు గోడ మీద ఇడితాల్ అనే బొమ్మ గీయించేవారని మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955 నాటి పుస్తకంలో వివరించారు. అది దేవతల కోసం, గీసేది రోగి కాదు. అయినా జబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందని ఆ ఇల్లు నమ్ముతోందో గోడే చెబుతుంది.

గుండెపోటును గీయమంటే మనలో చాలామంది గీసేది బహుశా సున్నం పేరుకున్న పైపు. స్టెంటు వేశారు, పైపు బాగైంది, ఇక మాత్రలెందుకు? ప్రమాదం ఇక్కడే. కొవ్వు చేరేది రక్తనాళం గోడ లోపల. బొర్రాలో సున్నం చుక్కచుక్కగా పేరుకున్నట్టు అదీ ఏళ్ల తరబడి పెరుగుతుంది, కానీ పోటు అలా రాదు: పైపొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి, నిమిషాల్లో దారి మూసేస్తుంది. నిన్న కొండెక్కినవాడు ఇవాళ కూలిపోయేది అందుకే. స్టెంటు తెరిచి పట్టేది ఒక్క చోటునే. దాని మీద గడ్డ కట్టకుండా, మిగతా చోట్ల పొర చిట్లకుండా కాచేది మాత్రలు.

ఇంట్లో ఆదివాసీ ఒడియా, డాక్టరు దగ్గర తెలుగు మాట్లాడే ఈ బొర్రా కొండల్లో కాగితం, పెన్సిలు ఇస్తే సగం మాట కలుస్తుంది. రోగి బొమ్మ పక్కనే డాక్టరూ ఒకటి గీయాలి: చచ్చిన కండరం కొన్ని వారాల్లో మచ్చ కడుతుంది, మిగతాది కొట్టుకుంటూనే ఉంటుంది.