తలుపు వేస్తే బెదిరే కుక్క

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరద మన మనలిని ముంచినప్పుడు మా గుమ్మం ఎక్కిన వీధికుక్క మాతోనే ఉండిపోయింది. అయితే మేము తాళం వేసి బయటికెళ్తే చాలు, ఒకటే ఏడుపు, తలుపంతా గీరేసేది. పక్కింటివారు విసుక్కుంటే మళ్లీ వీధిలో వదిలేద్దామనుకున్నాం.

అది పొగరు కాదు, ఒంటరిగా ఉండాలంటే భయం. కొడితే ఇంకా పెరుగుతుంది. ముందు తాళంచెవి తీసి, చెప్పులు వేసుకుని, వెళ్లకుండా కూర్చోవాలి. తర్వాత అర నిమిషం, రెండు నిమిషాలు, పది నిమిషాలు బయట ఉండి, అది కంగారుపడకముందే తిరిగి రావాలి. అలవాటయ్యేదాకా ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. తగ్గకపోతే పశువైద్యుణ్ణి అడగాలి, మందులున్నాయి.

మాకు నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు సంఘం సమావేశాలకు నిశ్చింతగా వెళ్తున్నాం. చేరదీసినవారు తొందరపడి వదిలేయకండి.